అమెరికాలో రాష్ట్ర అటార్నీ జనరల్ ఎవరి తరఫు న్యాయవాది?

ప్రశ్న (టెక్సస్ వాసి)

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడి రాష్ట్ర అటార్నీ జనరల్ పేరు వార్తల్లో తరచూ వినిపిస్తూనే ఉంటుంది. ఒక వారం ఫెడరల్ ప్రభుత్వం మీదే దావా వేశారంటారు, మరో వారం ఏదో పెద్ద టెక్నాలజీ సంస్థ నుంచి కోట్ల డాలర్లు రాబట్టారంటారు. మా ఆఫీసులో కొత్తగా ఎవరైనా చేరితే వారి వివరాలు పంపవలసింది కూడా ఆ కార్యాలయానికేనని మొన్ననే తెలిసింది. ఇన్ని రకాల పనులు ఒకే కార్యాలయం కిందికి ఎలా వచ్చాయో నాకు అంతుపట్టడం లేదు.

అడగడానికి ఒక కారణం ఉంది. నా స్నేహితుడొకరు ఒక ఆన్‌లైన్ శిక్షణ సంస్థకు నాలుగు వేల డాలర్లకు పైగా ఫీజు కట్టారు. కోర్సు పూర్తయిన ఆరు నెలల్లోగా ఉద్యోగం రాకపోతే సొమ్ము తిరిగి ఇచ్చేస్తామని వాళ్ల ప్రకటనలోనే ఉంది. గడువు దాటాక అడిగితే, ఒప్పంద పత్రంలో ఎక్కడో ఉన్న షరతులు చూపించి తప్పించుకుంటున్నారు. అటార్నీ జనరల్‌కు ఫిర్యాదు చేస్తే ఆయనే కేసు నడిపి డబ్బు ఇప్పిస్తారని ఒకరు, అది వట్టి కాలయాపన అని మరొకరు సలహా చెప్పారు. మన దగ్గర రాష్ట్రానికి అడ్వొకేట్ జనరల్ ఉంటారు, రాజ్యాంగంలోని 165వ అధికరణం కింద గవర్నర్ ఆయనను నియమిస్తారు, ఆయన ప్రభుత్వం తరఫున హైకోర్టులో వాదిస్తారు అన్నంత వరకు నాకు తెలుసు. ఇక్కడి అటార్నీ జనరల్ కూడా అలాంటివారేనా? అయితే సామాన్యుడి ఫిర్యాదుతో ఆయనకేం పని? మాలాగా పౌరసత్వం లేకుండా వీసాల మీద ఉన్నవాళ్లు ఆయన దగ్గరికి వెళ్లవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది, డాలస్)

మీ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పాలంటే, అటార్నీ జనరల్ మీ స్నేహితుడి న్యాయవాది కారు, కాలేరు కూడా. ఆయన కక్షిదారు టెక్సస్ రాష్ట్రం. ఆయన కార్యాలయం వ్యక్తులకు న్యాయ సలహా ఇవ్వదు, వ్యక్తుల తరఫున కోర్టుకు హాజరు కాదు. ఈ ఒక్క విషయం ముందుగా మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది, ఫిర్యాదు చేశాక నిరాశపడే అవసరమూ ఉండదు.

అయితే మన అడ్వొకేట్ జనరల్‌తో పోలిక అక్కడితో ఆగిపోతుంది. అడ్వొకేట్ జనరల్ ప్రధానంగా ప్రభుత్వానికి సలహాదారు, ఆ ప్రభుత్వం తరఫు వాది. ఇక్కడి అటార్నీ జనరల్‌కు ఆ పనితోపాటు ప్రజాప్రయోజనం కోసం తనంతట తానుగా దావా వేసే అధికారం ఉంది. యాభై రాష్ట్రాలలో 43 చోట్ల ఆయనను ప్రజలే ఎన్నుకుంటారు. టెక్సస్‌లో పదవీకాలం నాలుగేళ్లు. గవర్నర్ ఆయనకు పై అధికారి కారు. వాషింగ్టన్‌లో ఉండే అమెరికా అటార్నీ జనరల్ అంతకన్నా కారు. ఆ పదవి దేశాధ్యక్షుడి నియామకం, దాని దారి వేరు.

టెక్సస్‌లో ఈ కార్యాలయం చేసే పనుల్లో వార్తలకు ఎక్కేవి చాలా తక్కువ. విడిపోయిన తల్లిదండ్రుల నుంచి పిల్లల పోషణ భత్యం వసూలు చేయడం ఇక్కడ అటార్నీ జనరల్ బాధ్యతే. కొత్త ఉద్యోగుల వివరాలు ఆయనకు పంపమనడం అందుకే. భత్యం చెల్లించవలసిన వ్యక్తి ఉద్యోగం మారినా జీతం నుంచి కోత ఆగకుండా చూడడం దాని ఉద్దేశం. అలాగే ఏ నగరపాలక సంస్థో, స్కూల్ డిస్ట్రిక్టో మీరడిగిన పత్రాన్ని ఇవ్వకూడదనుకుంటే, చాలా సందర్భాలలో తనంతట తాను కాదనలేదు. పది పనిదినాల్లోగా అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి, ఆయన 45 పనిదినాల్లోగా ఇవ్వవచ్చో కూడదో తేల్చాలి. శాసనసభ కమిటీలు, ప్రభుత్వాధికారులు ఏదైనా చట్టం అర్థం ఏమిటని అడిగితే లిఖితపూర్వకంగా అభిప్రాయం ఇవ్వడం మరో పని. ఆ అభిప్రాయం కోర్టు తీర్పుతో సమానం కాకపోయినా, కోర్టు వేరేలా చెప్పేదాకా అధికారులు సాధారణంగా దాన్నే అనుసరిస్తారు.

నేరవిచారణ సంగతికి వస్తే చాలామంది పొరబడతారు. అటార్నీ జనరల్ అంటే రాష్ట్రంలోని ప్రాసిక్యూటర్లందరికీ పెద్ద అనుకుంటారు. టెక్సస్‌లో అది నిజం కాదు. నేరాలపై అభియోగాలు మోపేది స్థానిక జిల్లా, కౌంటీ అటార్నీలు. వారు కోరితే అటార్నీ జనరల్ సహాయంగా వెళ్తారు. ఎన్నికల నేరాలపై తనంతట తానే అభియోగం మోపే అధికారం ఆయనకు లేదని రాష్ట్ర క్రిమినల్ అప్పీళ్ల కోర్టు 2021లో తేల్చి చెప్పింది. అదే డెలావేర్, రోడ్ ఐలండ్ వంటి చిన్న రాష్ట్రాల్లో నేరవిచారణ దాదాపు మొత్తం అటార్నీ జనరల్ చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఒక రాష్ట్రం గురించి చదివినది మరో రాష్ట్రానికి వర్తిస్తుందని అనుకోకండి.

ఇక వినియోగదారుల రక్షణ. మోసపూరిత వ్యాపార పద్ధతులను నిషేధించే చట్టం ప్రతి రాష్ట్రంలోనూ ఏదో ఒక రూపంలో ఉంది. టెక్సస్ చట్టం 1973 నాటిది. దాని కింద అటార్నీ జనరల్ ఒక సంస్థను విచారించవచ్చు, పత్రాలు సమర్పించమని ఆదేశించవచ్చు, ఆ పద్ధతిని ఆపించే ఉత్తర్వు కోరవచ్చు, జరిమానా విధించమని కోర్టును అడగవచ్చు, నష్టపోయినవారికి సొమ్ము వాపసు ఇప్పించమనీ అడగవచ్చు. కొన్ని చట్టాలను ప్రయోగించే అధికారం ఆయన ఒక్కరికే ఉంటుంది. ముఖ గుర్తింపు, వేలిముద్రల వంటి శరీర సంబంధ వివరాల సేకరణపై 2009లో వచ్చిన టెక్సస్ చట్టం అలాంటిదే. ఆ చట్టం కింద వ్యక్తులు దావా వేయలేరు. 2024లో మెటా సంస్థ టెక్సస్‌కు 140 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది ఆ చట్టం కింద వేసిన దావాలోనే.

మీ స్నేహితుడి విషయంలో ఇంకో సంగతి కూడా ముఖ్యం. ఇలాంటి సంస్థల ఒప్పందాల్లో వివాదం వస్తే కోర్టుకు కాకుండా ప్రైవేటు మధ్యవర్తి దగ్గరికే రావాలని, పదిమంది కలిసి దావా వేయరాదని తరచూ రాసుకుంటారు. సంతకం పెట్టిన వ్యక్తి దానికి కట్టుబడవలసి వస్తుంది. రాష్ట్రం ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు కనుక ఆ షరతు అటార్నీ జనరల్‌ను కట్టిపడేయలేదు. నా దృష్టిలో ఈ పదవికి ఉన్న అసలైన విలువ ఇదే. ఒంటరి మనిషికి మూసిన తలుపు ఆయనకు తెరిచే ఉంటుంది.

పౌరసత్వం గురించి అడిగారు. ఆ చట్టం రక్షించేది వినియోగదారుణ్ణి, ఓటరును కాదు. వీసా మీద ఉన్నవారు నిరభ్యంతరంగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి జీతం ఎగ్గొట్టిన కేసులను కూడా ఇక్కడికే తెస్తుంటారు. అది ఫెడరల్ కార్మిక శాఖ పరిధిలోని విషయం, అక్కడికే వెళ్లాలి.

జవాబు 2 (న్యూజెర్సీ పాఠకురాలు)

న్యాయవాది గారు చెప్పినదానికి మా రాష్ట్రం సంగతి చేరుస్తాను. న్యూజెర్సీలో అటార్నీ జనరల్‌ను ప్రజలు ఎన్నుకోరు, గవర్నర్ నియమిస్తే రాష్ట్ర సెనేట్ ఆమోదిస్తుంది. అలాస్కా, హవాయి, న్యూ హాంప్‌షైర్, వయోమింగ్‌లలో కూడా నియామకమే. మెయిన్ రాష్ట్రంలో శాసనసభ రహస్య ఓటుతో ఎంపిక చేస్తుంది. టెనెసీలోనైతే రాష్ట్ర సుప్రీం కోర్టు ఎనిమిదేళ్ల కాలానికి నియమిస్తుంది.

నియమితులు కనుక బలహీనులేమో అనుకుంటే పొరపాటు. మా అటార్నీ జనరల్ కింద రాష్ట్ర పోలీసు విభాగం ఉంది, కౌంటీ ప్రాసిక్యూటర్లపై పర్యవేక్షణ ఉంది, వినియోగదారుల వ్యవహారాల విభాగం ఉంది. నేరవిచారణలో టెక్సస్ అటార్నీ జనరల్‌కు లేని పట్టు మా దగ్గర ఉంది. అయితే గవర్నర్ విధానానికి అటార్నీ జనరల్ బహిరంగంగా అడ్డు నిలవడం మా దగ్గర అరుదు. ఎన్నిక మేలా, నియామకం మేలా అన్నదానిపై నాకింకా స్థిరమైన అభిప్రాయం ఏర్పడలేదు.

అనుబంధ ప్రశ్న (టెక్సస్ వాసి)

ఇద్దరికీ ధన్యవాదాలు. చాలా విషయాలు తేటపడ్డాయి. కానీ ఒక సందేహం మిగిలింది. ఆయన కక్షిదారు రాష్ట్రం అంటున్నారు. రాష్ట్రం అంటే ఎవరు? గవర్నర్ ఒకటి కోరి, శాసనసభ మరొకటి కోరి, అటార్నీ జనరల్ ఇంకొకటి సబబనుకుంటే, రాష్ట్రం మాట ఏది? మామూలు న్యాయవాది కక్షిదారు చెప్పినట్లు నడుచుకోవాలి కదా. ఎన్నికైన రాజకీయ నాయకుడే న్యాయవాది అయితే, తన పార్టీ ప్రయోజనాన్నే రాష్ట్ర ప్రయోజనంగా చూపే ప్రమాదం లేదా?

జవాబు 3 (ప్రభుత్వ పాలన చదువుకున్న పాఠకుడు, సియాటిల్)

మీరు వేసిన ప్రశ్న మీద మా వాషింగ్టన్ రాష్ట్రంలో పెద్ద వివాదమే నడిచింది. 2010లో డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా హయాంలో ఫెడరల్ ఆరోగ్య బీమా సంస్కరణ చట్టం వచ్చినప్పుడు, దాన్ని సవాలు చేస్తూ ఫ్లోరిడా నాయకత్వంలో సాగిన దావాలో మా అటార్నీ జనరల్ రాబ్ మెకెన్నా చేరారు. ఆయన రిపబ్లికన్. గవర్నర్ క్రిస్టీన్ గ్రెగోయర్ డెమోక్రాట్, ఆమెకు ఆ దావా ససేమిరా ఇష్టం లేదు. ఆయనను వెనక్కి రప్పించాలని సియాటిల్ నగరం కోర్టుకు వెళ్లింది. రాష్ట్ర శాసనాలు ఆయనకు ఆ అధికారం ఇస్తున్నాయని రాష్ట్ర సుప్రీం కోర్టు 2011లో తీర్పు చెప్పింది.

ఇంతవరకే చూస్తే అటార్నీ జనరల్‌కు అడ్డు లేదనిపిస్తుంది. కానీ అదే సంవత్సరం అదే కోర్టు అదే వ్యక్తి మీద మరో కేసులో వ్యతిరేక దిశలో తీర్పిచ్చింది. ప్రభుత్వ భూముల కమిషనర్ ఒక కేసులో అప్పీలుకు వెళ్లాలనుకుంటే మెకెన్నా వాదించనన్నారు. ఆ కమిషనర్ కూడా ప్రజలెన్నుకున్న అధికారే. ఆయన కోరినప్పుడు ప్రాతినిధ్యం వహించడం అటార్నీ జనరల్‌కు శాసనం విధించిన కర్తవ్యమని, కాదనే స్వేచ్ఛ లేదని కోర్టు చెప్పింది. అంటే, తనంతట తాను దావాకు దిగడానికి అధికారం ఉంది కానీ, చట్టం అప్పగించిన పని నుంచి తప్పుకోవడానికి లేదు. మీ సందేహానికి నాకు తెలిసిన అత్యంత నిక్కచ్చి సమాధానం ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవడమే.

అన్ని రాష్ట్రాల్లో కథ ఇలాగే ముగియదు. కాలిఫోర్నియాలో 2008లో ఓటర్లు స్వలింగ వివాహాలను నిషేధిస్తూ రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ ఆమోదించారు. అది అమెరికా రాజ్యాంగానికి విరుద్ధమంటూ ఫెడరల్ కోర్టులో దావా పడినప్పుడు అటార్నీ జనరల్ జెర్రీ బ్రౌన్ దాన్ని సమర్థించి వాదించడానికి నిరాకరించారు. గవర్నర్ కూడా ముందుకు రాలేదు. దాన్ని ప్రతిపాదించిన పౌరులే వాదించుకున్నారు. చివరికి 2013లో, అప్పీలు చేసే అర్హత ఆ పౌరులకు లేదని అమెరికా సుప్రీం కోర్టు తేల్చడంతో ఆ నిషేధం కింది కోర్టు తీర్పుతోనే కూలిపోయింది. ఆ ఫలితాన్ని నేను మనసారా స్వాగతించాను. అయినా ఓటర్లు ఆమోదించిన చట్టం తరఫున నిలబడేవారే లేకపోవడం సరైన పద్ధతేనా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు, ఎందుకంటే రేపు అదే అధికారాన్ని మనకు నచ్చిన చట్టం మీద మరొకరు వాడవచ్చు.

పార్టీ ప్రయోజనం గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లూ వాస్తవం. రిపబ్లికన్ అటార్నీ జనరళ్లకు 1999లో, డెమోక్రాట్లకు 2002లో వేర్వేరు సంఘాలు ఏర్పడ్డాయి. అవి ఎన్నికల నిధులు సేకరిస్తాయి. అధ్యక్షుడు ఏ పార్టీ వారైతే, ఎదుటి పార్టీ అటార్నీ జనరళ్లు గుంపుగా దావాలు వేయడం ఇప్పుడు ఆనవాయితీ. కాకపోతే కోర్టు గుమ్మం దాటాలంటే తన రాష్ట్రానికి ఫలానా నష్టం జరుగుతోందని చూపాలి. ఫెడరల్ ప్రభుత్వం తలపెట్టిన విద్యా రుణాల మాఫీని ఆపించిన 2023 కేసులో మిస్సోరి చూపిన నష్టం, ఆ రుణాల నిర్వహణ చూసే రాష్ట్ర సంస్థకు రాకుండా పోయే రుసుములు. అదే సంవత్సరం వలస చట్టాల అమలు మీద టెక్సస్, లూసియానా వేసిన కేసును మాత్రం, చూపిన నష్టం చాలదని సుప్రీం కోర్టు 8–1తో తోసిపుచ్చింది.

మన కుటుంబాలకు నేరుగా తగిలిన ఉదాహరణ చెప్పుకోవాలంటే, జన్మతః పౌరసత్వంపై అధ్యక్షుడు ట్రంప్ 2025 జనవరి 20న జారీ చేసిన ఉత్తర్వు. తల్లి వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గాని గ్రీన్ కార్డు గాని లేకపోతే ఇక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం ఇవ్వరాదని అది చెప్పింది. మా రాష్ట్రంతోపాటు అరిజోనా, ఇల్లినాయ్, ఒరెగాన్ సియాటిల్‌లో ఒక దావా, న్యూజెర్సీతో సహా మరికొన్ని రాష్ట్రాలు మసాచుసెట్స్‌లో మరో దావా వేశాయి. జనవరి 23న సియాటిల్ ఫెడరల్ జడ్జి జాన్ కాఫనార్ ఆ ఉత్తర్వును తాత్కాలికంగా నిలిపివేశారు. అక్కడ రాష్ట్రాలు చూపిన నష్టం ఎంత చిన్న అంశం దాకా వెళ్లిందో గమనించండి. నవజాత శిశువులకు ఆసుపత్రి నుంచే సోషల్ సెక్యూరిటీ నంబరు (ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) దరఖాస్తు పంపినందుకు ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు తలకింత అని చెల్లిస్తుంది. ఆ సొమ్ము తగ్గిపోతుందన్నది కూడా ఆ వాదనలో భాగమే. టెక్సస్ ఆ దావాల్లో చేరలేదు. ఓటు లేనివారి జీవితం కూడా అటార్నీ జనరల్ ఎన్నికతో ఎంతగా ముడిపడి ఉందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించదు.

అయితే పార్టీ గీతలు చెరిపేసి పనిచేసిన సందర్భాలే ఈ పదవికి పేరు తెచ్చాయని మరువకూడదు. మిసిసిపీ అటార్నీ జనరల్ మైక్ మూర్ 1994లో పొగాకు కంపెనీల మీద దావా వేసినప్పుడు అది నిలుస్తుందని నమ్మినవారు తక్కువ. అంతకుముందు పొగతాగేవారు విడివిడిగా వేసిన కేసుల్లో, తెలిసి తెలిసి నువ్వే తాగావు కదా అని కంపెనీలు గెలుస్తూ వచ్చాయి. మూర్ వాదన వేరు. రాష్ట్రం పొగ తాగలేదు, తాగి జబ్బుపడిన పేదలకు వైద్యం చేయించి ఖర్చు భరించింది, ఆ ఖర్చు మాకివ్వండి అన్నారు. మిసిసిపీ, ఫ్లోరిడా, టెక్సస్, మిన్నెసోటా విడిగా రాజీ చేసుకున్నాక, 1998 నవంబరులో మిగిలిన 46 రాష్ట్రాలతో పెద్ద ఒప్పందం కుదిరింది. మొదటి 25 ఏళ్లలో చెల్లింపులు సుమారు 20,600 కోట్ల డాలర్లుగా అంచనా వేశారు. బాధ కలిగించే సంగతేమిటంటే, ఆ సొమ్ములో పొగాకు నివారణకు ఖర్చయినది స్వల్పం. చాలా రాష్ట్రాలు దాన్ని బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి వాడుకున్నాయి, కొన్ని భవిష్యత్తు చెల్లింపులను కూడా ముందే తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నాయి. అది చూసిన అనుభవంతోనే, 2021లో ఓపియాయిడ్ మందుల (వ్యసనంగా మారే నొప్పి మందులు) విషయంలో జాన్సన్ అండ్ జాన్సన్‌తో, మూడు పంపిణీ సంస్థలతో 2,600 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు, అందులో కనీసం 85 శాతం ఆ వ్యసన బాధను తగ్గించే పనులకే వెచ్చించాలని షరతు రాశారు.

జవాబు 4 (జవాబు 1 రాసిన న్యాయవాది)

సియాటిల్ మిత్రులు చెప్పినదంతా పెద్ద చిత్రం. నేను మళ్లీ మీ స్నేహితుడి నాలుగు వేల డాలర్ల దగ్గరికి వస్తాను.

ఫిర్యాదు తప్పక చేయమనండి. ఆన్‌లైన్ ఫారమ్ నింపేటప్పుడు ఆవేశం కన్నా తేదీలు ఎక్కువ పనిచేస్తాయి. వాపసు హామీ ఉన్న ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, వాపసు కోరుతూ రాసిన మెయిల్, దానికి వచ్చిన జవాబు, ఈ నాలుగూ జతచేయాలి. మీకు ఏ పరిష్కారం కావాలని అడిగితే, ‘న్యాయం కావాలి’ అని రాయకుండా ఇంత మొత్తం వాపసు అని అంకె వేయాలి. ఈ ఫిర్యాదులు బహిరంగ రికార్డు కాగలవు కనుక సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కనిపించకుండా చెరిపేసి జతచేయాలి.

ఆ తర్వాత ఏమవుతుంది? కొన్ని రాష్ట్రాల్లో కార్యాలయమే సంస్థకు ఉత్తరం రాసి జవాబు అడుగుతుంది, ఆ ఒక్క ఉత్తరంతోనే సొమ్ము వెనక్కి వచ్చిన సందర్భాలు నేను చూశాను. టెక్సస్‌లో అలా ప్రతి ఫిర్యాదుకూ జరుగుతుందని ఆశించవద్దు. ఇక్కడ ఒక్కొక్క ఫిర్యాదూ ఆ సంస్థ పేరు మీద పోగయ్యే సాక్ష్యం. ఒకే ప్రకటన చూసి, ఒకే హామీ నమ్మి, ఒకే జవాబు అందుకున్నవారు పలువురు తేలినప్పుడే అది ఒక వ్యక్తికి జరిగిన అన్యాయం దశ దాటి వ్యాపార పద్ధతి అవుతుంది, అప్పుడే కార్యాలయం విచారణకు పూనుకుంటుంది. అందుచేత అదే కోర్సులో చేరిన తోటివారు కూడా ఎవరికి వారు విడిగా ఫిర్యాదు చేయడం, అందరూ కలిసి ఒకటి పంపడం కన్నా మేలు.

కానీ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. అదే 1973 చట్టం వినియోగదారుడికి సొంతంగా దావా వేసే హక్కు కూడా ఇస్తోంది. దావాకు 60 రోజుల ముందు, జరిగిన మోసాన్నీ కోరుతున్న మొత్తాన్నీ వివరిస్తూ సంస్థకు లిఖితపూర్వక నోటీసు పంపాలి. తెలిసే మోసం చేశారని రుజువైతే ఆర్థిక నష్టానికి మూడు రెట్ల దాకా ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది కనుక, చాలా సంస్థలు నోటీసు దశలోనే దిగివస్తాయి. ఇరవై వేల డాలర్ల లోపు వివాదాన్ని చిన్న వివాదాలు చూసే స్థానిక జస్టిస్ కోర్టులో న్యాయవాది లేకుండా తానే నడుపుకోవచ్చు. ముందుగా ఒప్పందంలో మధ్యవర్తి షరతు ఉందేమో చూసుకోమనండి, ఉంటే ఆ దారినే వెళ్లవలసి రావచ్చు.

గడువు సంగతి మాత్రం మరవవద్దు. ఈ చట్టం కింద దావాకు కాలపరిమితి సాధారణంగా రెండేళ్లు. అటార్నీ జనరల్‌కు ఫిర్యాదు చేసినంత మాత్రాన ఆ గడియారం ఆగదు. ఆ రెండేళ్లు ఏ రోజు నుంచి లెక్కించాలన్నదే కోర్టులో మొదటి తగాదా అవుతుంది కాబట్టి, వాపసు ఇవ్వబోమని సంస్థ మొదటిసారి చెప్పిన మెయిల్ తేదీ ఏమిటో ఇక్కడ రాయండి, ఇంకా ఎంత వ్యవధి మిగిలి ఉందో చూసి చెబుతాను.